గ్రీజు డబ్బా మీద 'ఫుడ్ గ్రేడ్' అని ఉంటే...

మాది ఉయ్యాలవాడ. మా వైపు నంద్యాల సోనా బియ్యం తెలియని ఇల్లుండదు. నేను మెకానికల్ స్టూడెంట్‌ని కాబట్టి, రైస్ మిల్లుకి వెళ్తే నా చూపు బియ్యం కన్నా ముందు బకెట్ ఎలివేటర్ బేరింగు మీద పడుతుంది. అందులోంచి ఒక చుక్క గ్రీజు జారితే ఎక్కడ పడుతుంది? మనం తినే బియ్యంలోనే! అందుకే ఫుడ్ గ్రేడ్ లూబ్రికెంట్లు వచ్చాయి. వాటి ప్రకటనల్ని ఎలా చదవాలి, ఎలా రాయాలి అన్నదే ఈ పాఠం.

ముందు మూడు పేర్లు

హెచ్1: అనుకోకుండా ఆహారానికి తగిలే అవకాశం ఉన్నచోట వాడేది.
హెచ్2: అసలు తగలని చోట మాత్రమే వాడేది.
హెచ్3: కొక్కేలు, ట్రాలీలు తుప్పు పట్టకుండా పూసేది.

ఈ వర్గీకరణ అమెరికా వ్యవసాయ శాఖది. 1998లో ఆ శాఖ ఈ పని ఆపేశాక ఎన్ఎస్ఎఫ్ సంస్థ అందుకుంది. హెచ్1లో వాడే మినరల్ ఆయిల్ ఆహారంలో 10 పీపీఎం దాటకూడదని అమెరికా నిబంధన. అంటే కిలో బియ్యంలో 10 మిల్లీగ్రాములు. కాబట్టి 'ఫుడ్ గ్రేడ్' అంటే తినొచ్చని కాదు. హెచ్2 డబ్బా మీద కూడా 'ఫుడ్ ప్లాంటులకు' అని రాసుకోవచ్చు. చిక్కంతా అక్కడే ఉంది.

ఇంజనీరుకి ఏం చెప్పాలి?

పచ్చని ఆకు, నవ్వే పాప బొమ్మ చూసి మెయింటెనెన్స్ ఇంజనీరు గ్రీజు కొనడు. సీజన్లో మిల్లు ఆగితే జవాబు చెప్పాల్సింది ఆయనే. ఆయనకి కావలసినవి ఇవి:

1. హెచ్1 రిజిస్ట్రేషన్ నంబరు.
2. చిక్కదనం. ఉదాహరణకి గేర్‌బాక్సుకి ఐఎస్ఓ వీజీ 220.
3. ఎంత వేడి వరకు తట్టుకుంటుంది?
4. పాత గ్రీజుతో కలుస్తుందా? హెచ్1 గ్రీజుల్లో చాలావాటిలో అల్యూమినియం కాంప్లెక్స్ ఉంటుంది. దాన్ని మామూలు లిథియం గ్రీజు మీదే కొడితే రెండూ మెత్తబడి కారిపోవచ్చు. ముందు పాతది తీసెయ్యాలి.

నాలుగోది చెప్పని ప్రకటన సరుకు అమ్ముతుంది గానీ బేరింగుని కాపాడదు. హెచ్1 వాడినా సీలు కారుతుంటే సీలు మార్చాల్సిందే అని చెప్పే ప్రకటనని నేనైతే నమ్ముతాను.

రేపు ఇంటర్న్‌షిప్పుకి ఏ మిల్లుకో, డెయిరీకో వెళ్తే డబ్బా మీది నంబరు రాసుకోండి. ఎన్ఎస్ఎఫ్ వైట్ బుక్‌లో వెతకండి. ఫ్రెండ్స్, రెండు నిమిషాల పని!