అప్పీలు: హక్కు ఎక్కడ? అనుమతి ఎక్కడ?



ఈసారి స్కాలర్‌షిప్ దరఖాస్తులు తీసుకుంటున్నప్పుడు, మా ధర్మాబాద్‌లో ఒక విద్యార్థిని తల్లి నన్ను పక్కకు పిలిచింది. "సారూ, ఇంటి జాగ దావా ఓడిపోయినం. పైకోర్టుకు పోవాలంటే పర్మిషన్ కావాలంటున్నరు, నిజమేనా?" అని అడిగింది. "తీర్పు ఎప్పుడు వచ్చిందమ్మా?" అని నేను ఎదురు అడిగాను. ముందుగా ఆ మాటే ఎందుకు అడిగానో చివర చెబుతాను.

నేను వకీలును కాను. బి.కాం. చదివి, బ్యాంకు కౌంటరు వెనుక ముప్పై ఏళ్లు పనిచేసినవాణ్ణి. కాబట్టి బ్యాంకు భాషలోనే చెబుతాను. మన ఖాతాలోని డబ్బు మనం తీసుకోవడం హక్కు. ఫారం సరిగా నింపితే చాలు. అప్పు అడగడం మాత్రం అర్జీ. మేనేజరు మంజూరు చేయవచ్చు, చేయకపోవచ్చు. అప్పీళ్లలోనూ ఈ రెండు రకాలున్నాయి.

1. మొదటి అప్పీలు: సివిల్ ప్రొసీజర్ కోడ్ 96వ సెక్షను ప్రకారం ఇది సాధారణంగా హక్కు. ఎవరి అనుమతీ అక్కరలేదు. సాక్ష్యాన్నీ, చట్టాన్నీ రెండింటినీ పైకోర్టు మళ్లీ పరిశీలిస్తుంది. అయితే ఇరుపక్షాలు రాజీపడి తీసుకున్న డిక్రీపై ఈ అప్పీలు లేదు.

2. రెండవ అప్పీలు: ఇది 100వ సెక్షను కింద హైకోర్టుకు వెళ్తుంది. మన నాందేడ్ జిల్లా వారికి బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి. ఆ ఊరి పేరు 2023లో ఛత్రపతి సంభాజీనగర్‌గా మారింది. ఇక్కడ "సాక్షి అబద్ధం చెప్పాడు" అంటే సరిపోదు. ముఖ్యమైన చట్ట సంబంధమైన ప్రశ్న ఉన్నదని న్యాయమూర్తికి తోస్తేనే అప్పీలును చేర్చుకుంటారు.

3. సుప్రీంకోర్టు: అసలు అనుమతి అనే మాట ఇక్కడ వస్తుంది. దారులు రెండు. రాజ్యాంగం 133వ అధికరణం కింద, ఇది అందరికీ ముఖ్యమైన చట్ట ప్రశ్న, దీనిని సుప్రీంకోర్టే తేల్చాలి అని హైకోర్టు సర్టిఫికెట్ ఇవ్వడం ఒకటి. 136వ అధికరణం కింద నేరుగా సుప్రీంకోర్టునే ప్రత్యేక అనుమతి కోరడం రెండవది. దీనినే ఎస్.ఎల్.పి. అంటారు. అనుమతి ఇచ్చాకే అది అప్పీలు అవుతుంది. కారణాలు రాయకుండా కొట్టివేస్తే, కింది తీర్పు సరైనదని సుప్రీంకోర్టు చెప్పినట్టు కాదు. వినడానికి అనుమతి ఇవ్వలేదు, అంతే.

దావాలో పేరు లేనివారి సంగతి వేరు. అన్నదమ్ములు పంపకాల దావా వేసుకుని అక్కచెల్లెళ్లను పార్టీలుగా చేర్చకపోతే, ఆ డిక్రీ వల్ల నష్టపోయే ఆడపడుచు ముందుగా అప్పీలు కోర్టు అనుమతి కోరాలి. తనకు జరిగే నష్టమేమిటో చూపాలి.

అప్పీలే లేని దావా కూడా ఒకటుంది. అది మన తాలూకాదే. గోదావరిపై బాబ్లీ బ్యారేజీ గురించి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో మహారాష్ట్రపై వేసిన దావా అది. రాష్ట్రాల మధ్య తగాదా కనుక 131వ అధికరణం కింద నేరుగా సుప్రీంకోర్టులోనే నడిచింది. 2013 ఫిబ్రవరి 28న తీర్పు వచ్చింది. జూలై 1 నుండి అక్టోబరు 28 వరకు గేట్లు ఎత్తి ఉంచాలని, మార్చి 1న 0.6 టి.ఎం.సి. నీరు కిందికి వదలాలని అందులో ఉంది. దానిపై వెళ్లడానికి ఇంకో కోర్టు లేదు. పునఃపరిశీలన కోరడమే మిగులుతుంది. మనలాంటి సామాన్యులకు మెట్లున్నాయి, అదే మన అదృష్టం. కాని ప్రతి మెట్టుకూ గడువుంది.

గడువులు రాసుకోండి. జిల్లా కోర్టుకు డిక్రీ తేదీ నుండి 30 రోజులు, హైకోర్టుకు 90 రోజులు. ఎస్.ఎల్.పి.కి హైకోర్టు తీర్పు నుండి 90 రోజులు, హైకోర్టు సర్టిఫికెట్ నిరాకరిస్తే ఆ తేదీ నుండి 60 రోజులు. నకలు తీసుకోవడానికి కోర్టులో పట్టిన రోజులు లెక్కలోంచి తీసేస్తారు. అందుకే తీర్పు రాగానే నకలుకు దరఖాస్తు పెట్టాలి. గడువు దాటితే తగిన కారణం చూపి మాఫీ కోరవచ్చు. అది కూడా అర్జీయే, హక్కు కాదు. ఇంకొక మాట. అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ అమలు ఆగదు. స్టే విడిగా అడగాలి.

డబ్బు లేదని ఆగకండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీల వారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది.

ఇక నా సంగతి. నేను ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో మా నాన్నగారు రెండెకరాల చెలక దావా ఓడిపోయారు. నామోషీ పడి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పేసరికి అయిదు నెలలు గడిచాయి. ఆలస్యం మాఫీ చేయమన్న మా అర్జీ నిలవలేదు. మా వైపు న్యాయం ఉందో లేదో పైకోర్టు చూడనే లేదు. బ్యాంకులో ఊరందరి వడ్డీ రోజులు లెక్కపెట్టిన నేను, మా నాన్నగారి 30 రోజులు లెక్కపెట్టలేకపోయాను.

ఆ తల్లికి తీర్పు వచ్చి అప్పటికి 22 రోజులు. మర్నాడే నకలుకు దరఖాస్తు పెట్టించాం. అప్పీలు గడువులోపల పడింది. ఫలితం కోర్టు చేతిలో ఉంది.

పిల్లలారా, మీ ఇంట్లో కోర్టు కాగితం ఉంటే ఈ రోజే తీసి తేదీ చూడండి. మరాఠీలో ఉంటే అమ్మానాన్నలకు చదివి చెప్పండి. మీ చదువు మొదట మీ ఇంటికే అక్కరకు రావాలని కోరుకుంటూ, మీ అందరికీ ఆశీస్సులు.