తక్కువ మాట్లాడే అన్న, ఎక్కువ వినే అక్క

"ఈసారి పిల్లల రిట్రీట్‌కి నువ్వు కూడా సాయం రావాలయ్యా" అని విచారణ ఫాదర్ పిలిచారు. మీరు డిగ్రీయో, బీఈడీయో చదువుతున్నారు. సరేనన్నారు. ఆ రాత్రే యూట్యూబ్‌లో నాలుగు కథలు, రెండు యాక్షన్ సాంగులు, ఓ ఆవేశపు ప్రసంగం వెతికి పెట్టుకున్నారు. వాటిని కాసేపు పక్కన పెట్టండి. మార్కాపురంలోనైనా, గిద్దలూరులోనైనా పిల్లలకు ప్రసంగాల కొరత లేదు. బడిలో సారు, ఇంట్లో అవ్వ, గుడిలో ఫాదర్, ఫోన్లో మోటివేషన్ వీడియోలు, అందరూ చెప్పేవాళ్లే. కూర్చుని వినేవాళ్లకే కరువు. రిట్రీట్‌లో మీ పని ఆ కరువు తీర్చడం.

ఈ సంగతి అయిదు వందల ఏళ్ల కిందటే ఒక మనిషికి తెలిసింది. 1521లో పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి కాలు విరిగిన సైనికుడు లొయోలా ఇన్యాసి. నెలల తరబడి మంచాన పడి, తన మనసు ఏ ఆలోచనకు పొంగుతోందో, దేనికి కుంగుతోందో గమనించుకున్నాడు. మరుసటి ఏడాది మన్రేసాలో తపస్సు చేస్తూ రాసుకోవడం మొదలుపెట్టిన విషయాలే 'ఆధ్యాత్మిక సాధనలు' పుస్తకమయ్యాయి. 1548లో మూడవ పౌలు పోపు దాన్ని ఆమోదించారు. కథోలిక రిట్రీట్లు ఈ రూపానికి రావడంలో ఆ పుస్తకానిది పెద్ద చెయ్యి. దాని మొదట్లో 20 సూచనలున్నాయి. నడిపించేవాడు ఎంతవరకు నడిపించాలో, ఎక్కడ ఆగాలో వాటిలో ఉంది. వాటిని మన నేలకు తెచ్చుకుందాం.

మాట పొట్టిగా, మౌనం పొడుగ్గా

ధ్యానాంశాన్ని ఉన్నదున్నట్టు క్లుప్తంగా చెప్పి ఊరుకోమంటాడు ఇన్యాసి. మనం విడమరచి చెప్పినదానికన్నా, మనిషి తనంతట తాను కనుక్కున్న చిన్న సంగతే అతడిలో ఎక్కువ కాలం నిలుస్తుందని ఆయన నమ్మకం. కాబట్టి ఓ లెక్క పెట్టుకోండి. పదిహేను నిమిషాలు మాట, ఇరవై నిమిషాలు మౌనం, తర్వాత ఆరేడుగురు చొప్పున గుంపుల్లో ముచ్చట. పదిహేను నిమిషాల్లో ముగియని ప్రసంగంలో రెండు ప్రసంగాలున్నట్టు. ఒకటి తీసేయండి.

మౌనం కూడా ఒక్కసారిగా అలవడదు. ఎనిమిదో తరగతి పిల్లాణ్ని అరగంట కళ్లు మూసుకోమంటే పక్కవాణ్ని గిల్లుతాడు. మొదటిరోజు పొద్దున మూడు నిమిషాలతో మొదలుపెట్టి, పూట పూటకీ పెంచుకుంటూ వెళ్లండి. సువార్తలో నాలుగు వచనాలు, ఒకే ఒక్క ప్రశ్న, చెట్టు కింద ఎవరి చోటు వాళ్లకు ఇవ్వండి. ఫోన్లు తీసుకుని జాగ్రత్త చేయండి. సాయంత్రం ఇంటికి మాట్లాడుకునే వేళ ఏదో ముందే చెప్పేస్తే పేచీలు సగం తగ్గుతాయి.

ఎదురుగా ఎవరున్నారు?

వయసు, చదువు, శక్తి చూసుకుని సాధనలు మార్చుకోవాలన్నది మరో సూచన. మార్కాపురం, గిద్దలూరు వైపు ముందు చూసుకోవాల్సింది వలస. వానలు ముఖం చాటేసిన ఏడు తల్లిదండ్రులు భవనాల పనికి హైదరాబాదో బెంగళూరో పోతారు. పిల్లలు హాస్టల్లోనో, అవ్వ దగ్గరో ఉంటారు.

లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుడి కథ మీ రిట్రీట్‌లో వచ్చే తీరుతుంది. అందులో ఇల్లు విడిచి వెళ్లింది కొడుకు, ఇంటి దగ్గర మిగిలింది తండ్రి. మీ ముందు కూర్చున్న కొందరి ఇళ్లలో వెళ్లింది నాన్న, మిగిలింది పిల్లాడు. ఇది తలచుకోకుండా తండ్రి ప్రేమ గురించి గొంతు పెంచితే పుండు మీద కారం చల్లినట్టే. అదే కథ చెప్పి, "నువ్వు ఎవరి కోసం ఎదురుచూస్తున్నావు?" అని అడిగి ఊరుకోండి. ఆ తర్వాతి మౌనంలో మీరు చేయాల్సిందేమీ ఉండదు.

ఇంకో సంగతి. రిట్రీట్ మిషన్ బడిలోనైతే, కూర్చున్నవాళ్లంతా కథోలికులు కారు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషన్, కంభం, మార్కాపురం దాకా వేళ్లూనింది. ఆ కుటుంబాల పిల్లలకు జపమాల కొత్త, పాపసంకీర్తనం కొత్త. హిందూ, ముస్లిం పిల్లలకు అన్నీ కొత్తే. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో మతబోధకు, ఆరాధనకు ఎవరినీ బలవంతంగా కూర్చోబెట్టకూడదనీ, మైనర్లయితే సంరక్షకుల సమ్మతి ఉండాలనీ రాజ్యాంగం 28(3) అధికరణం చెబుతోంది. సమ్మతి పత్రాలు ముందే తెప్పించుకోండి. రానన్నవాళ్లకు ఆ వేళ వేరే మంచి కార్యక్రమం పెట్టండి. "రాకపోతే చూడు" అన్నట్టు చూసే చూపు కూడా బలవంతమే.

త్రాసు ముల్లు మొగ్గకూడదు

నడిపించేవాడు త్రాసు ముల్లులా నడుమ నిలబడాలి, దేవుడికీ ఆ మనిషికీ మధ్య దూరకూడదు అంటాడు ఇన్యాసి. ఉత్సాహవంతులకు అన్నిటికన్నా కష్టమైన సూచన ఇదే. "సిస్టర్ అయ్యేదెవరు, చేతులెత్తండి" అనొద్దు. లైట్లు ఆర్పి, విషాద సంగీతం పెట్టి, అమ్మ పడే కష్టాలు ఏకరువు పెట్టి ఏడిపించొద్దు. పదమూడేళ్ల పిల్లల్ని ఏడిపించడానికి ప్రతిభ అక్కర్లేదు. ఆ కన్నీళ్లు బస్సెక్కేలోపే ఆరిపోతాయి.

ఊపులో ఉన్న మనిషి తొందరపడి మొక్కులు మొక్కకుండా చూడమనీ ఆయన హెచ్చరించాడు. "ఇంక జన్మలో ఫోన్ ముట్టనన్నా" అని లేచి నిలబడ్డ పిల్లాడికి చప్పట్లు కొట్టించకండి. "రేపొక్క రాత్రి తొమ్మిది దాటాక పక్కన పెట్టి చూడరా" అని చెప్పండి. ఒక్క రాత్రి నిలబెట్టుకున్నవాడు రెండో రాత్రికి మీతో పనిలేకుండా ప్రయత్నిస్తాడు.

ఆరా తీయొద్దు, ఒట్టు వేయొద్దు

సాధన చేసేవాడి సొంత ఆలోచనలు, పాపాలు తవ్వి తీయాలని చూడకూడదన్నది ఇంకో నియమం. ఆత్మపరిశోధన వేళ దీన్ని పాటించడానికి మన దగ్గర చక్కటి సాధనం ఉంది. మార్కాపురం పలకలకు పేరున్న ఊరు. కాగితాలకు బదులు తలా ఓ పలక, బలపం ఇవ్వండి. రాసుకుంటారు, చూసుకుంటారు, తుడిచేస్తారు. కాగితమైతే ఎక్కడో జారిపడి ఎవరికో దొరికి, మర్నాడు బడంతా పాకుతుంది.

పాపసంకీర్తనం వినేది గురువు. ఆ రహస్యం ఆయన దగ్గరే ఆగిపోతుంది. మీరు గురువు కాదు. "ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యన్నా" అంటే వేయకండి. "నీకు కీడు జరుగుతోందనిపిస్తే మాత్రం సాయం చేయగల పెద్దవాళ్లకు చెప్తాను" అని మొదటే చెప్పండి. పిల్లలపై లైంగిక హింస సంగతి తెలిస్తే పోలీసులకు తెలపడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. పిల్లల హెల్ప్‌లైన్ 1098, మానసిక వేదనకు టెలీ మానస్ 14416. ఈ రెండు నంబర్లు గోడమీద పెద్దక్షరాల్లో రాయించండి. ఒక్కరితోనే మాట్లాడాల్సి వస్తే నలుగురికీ కనబడే చోట కూర్చోండి. ఆడపిల్లల దగ్గర అక్కలుండాలి.

వంకర ప్రశ్నలో మంచి వెతకండి

ఎదుటివాడి మాటను ఖండించడానికి ముందు, దానికి మంచి అర్థం దొరుకుతుందేమో చూడాలని ఇన్యాసి పట్టుబడతాడు. "దేవుడుంటే మా బోరు ఎందుకు ఎండిపోయిందన్నా?" అని కొమరోలు వైపు పిల్లాడో, దోర్నాల వైపు పిల్లో అడిగితే అది ఎగతాళి అనుకోకండి. ఆ బోరు వాళ్ల నాన్న అప్పు చేసి వేయించింది కావచ్చు. "తప్పు, అట్లా అనకూడదు" అని నోరు మూయిస్తే ఆ పిల్లలు మళ్లీ మిమ్మల్ని ఏమీ అడగరు. "మీ ఇంట్లో ఏం జరిగిందో చెప్పు" అనండి. జవాబు తెలియకపోతే తెలియదనండి. ఆ సాయంత్రం ఫాదర్‌తో మాట్లాడించండి.

అన్నం, నీళ్లు, ఆఖరి బస్సు

రిట్రీట్ తపస్సుకాలంలో అయితే, అది సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో మొదలవుతుంది. పరీక్షలూ అప్పుడే, ఎండలూ అప్పుడే. బరువైన ధ్యానాలు పదకొండు గంటల లోపు ముగించండి. మధ్యాహ్నం పాటలు, ఆటలు, చిన్న నాటకాలు చాలు. ఈ ప్రాంతపు భూగర్భజలంలో ఫ్లోరైడ్ బెడద ఉంది కాబట్టి శుద్ధి చేసిన తాగునీరు ముందే తెప్పించండి. అర్థవీడు, రాచర్ల పల్లెలకు ఆఖరి బస్సు ఎన్నింటికో కనుక్కున్నాకే ముగింపు పూజ వేళ నిర్ణయించండి. వడ్డనలో ముందుండండి, పంక్తిలో చివర కూర్చోండి. మీరు చెప్పిన మూడు అంశాలు మర్చిపోయినా, రెండోసారి పప్పు అడిగినప్పుడు విసుక్కున్నారో లేదో పిల్లలకు గుర్తుంటుంది.

మీ కోసం పది నిమిషాలు

పిల్లలు పడుకున్నాక ఇన్యాసి నేర్పిన అయిదు మెట్ల ఆత్మపరిశోధన మీరూ చేయండి. జరిగిన మేలుకు కృతజ్ఞత, వెలుగు కోసం వేడుకోలు, రోజంతా నెమరువేత, తప్పుకు పశ్చాత్తాపం, రేపటికి ఒక నిర్ణయం. నెమరువేతలో రెండు ప్రశ్నలు వేసుకోండి: ఇవాళ ఎవరి మాట మధ్యలో తెంచాను? ఎవరి పేరు ఇంకా నాకు తెలియదు? మర్నాడు పొద్దున మొదట పలకరించాల్సింది వాళ్లనే. ఉద్యోగం ఇంటర్వ్యూలో ఎదుటివారి ప్రశ్న పూర్తిగా వినడానికీ, రేపు పదిమందితో పని చేయించడానికీ ఇంతకన్నా మంచి శిక్షణ మీకు ఏ కోర్సులోనూ దొరకదు.

చివరిరోజు ఫొటోల హడావుడిలో ఒక పని మర్చిపోకండి. వచ్చే ఏడాది సాయానికి పనికొస్తారనిపించిన ఇద్దరి పేర్లు ఫాదర్‌కి రాసివ్వండి. మైకు దగ్గర మెరిసినవాళ్లను ఆయన ఎలాగూ చూసే ఉంటారు. గుంపులో పక్కవాడు తడబడుతుంటే తొందరపెట్టకుండా ఆగిన పిల్లాణ్నీ, ఏడుస్తున్న స్నేహితురాలి పక్కన ఏమీ అడగకుండా కూర్చున్న పిల్లనూ చూసింది మీరొక్కరే. ఆ పేర్లే రాయండి.