చెట్టుకప్ప భోజనం: పురుగు తిన్నదే కప్పకి దక్కేది

చెట్టుకప్ప ఏం తింటుంది అని అడిగితే ఎవరైనా ‘పురుగులు’ అనే చెప్తారు. సరైన జవాబే. మరి అదే కప్పని గాజుపెట్టెలో పెట్టి, కడుపు నిండా పురుగులే వేస్తున్నా కొన్నాళ్లకి ఎముకలు మెత్తబడి చచ్చిపోవచ్చు. ఎందుకు?

ముందు బయట సంగతి చూద్దాం. మన ఊళ్లలో బాగా కనిపించే చెట్టుకప్ప పేరు పాలిపెడేటీస్ మాక్యులేటస్. ఏడెనిమిది సెంటీమీటర్ల గోధుమరంగు కప్ప, వేళ్ల చివర గుండ్రటి మెత్తలు. వానాకాలంలో బాత్రూమ్ గోడకి అతుక్కుని కూర్చునేది చాలాసార్లు ఇదే. పగలంతా ఉలకదు, పలకదు. చీకటి పడ్డాక ట్యూబ్‌లైట్ దగ్గరకి చేరుతుంది, దాని మెస్ అక్కడే మరి! ఉసిళ్లు, దోమలు, కీచురాళ్లు, మిడతలు, సాలెపురుగులు, ఏది అందితే అది. నోట్లో పట్టేంత ఉండాలి, కదలాలి. అంతకు మించి షరతుల్లేవు.

పిల్లప్పుడు మాత్రం వేరే కథ. నీళ్ల పైన కట్టిన నురుగు గూట్లోంచి కిందకి జారిన తోకకప్పలు నాచు, కుళ్లిన ఆకులు తింటాయి. అందుకే వాటి పేగు చుట్టలు చుట్టుకుని చాలా పొడుగ్గా ఉంటుంది. కప్పగా మారేటప్పుడు ఆ పేగు కురచబడుతుంది. ఆ కొద్ది రోజులూ తిండి లేదు, కరిగిపోతున్న తోకే ఆహారం.

‘కదలాలి’ అన్నాను కదా, అది మన బ్రాంచ్‌కి కూడా సంబంధించిన విషయం. ఏఐ పుస్తకాల్లో మొదట్లోనే మెక్‌కలక్-పిట్స్ న్యూరాన్ వస్తుంది, 1943 నాటిది. ఆ ఇద్దరే లెట్విన్, మటురానాలతో కలిసి 1959లో కప్ప కన్ను మీద ఒక పేపర్ రాశారు. కంటి నుంచి మెదడుకి వెళ్లే నరంలో కొన్ని పోగులు చిన్న నల్లటి వస్తువు కదిలినప్పుడే గట్టిగా స్పందిస్తాయని చూపించారు. అంటే ‘పురుగు’ అనే నిర్ణయం సగం కంట్లోనే అయిపోతోంది. చుట్టూ తిండి ఉన్నా అది కదలకపోతే కప్ప ఆకలితో చచ్చిపోతుందని కూడా రాశారు. వాళ్లు చూసింది వేరే జాతి కప్పని, కానీ చెట్టుకప్పలు కూడా ప్రధానంగా కదలికనే నమ్ముతాయి.

అందుకే పెంపకంలో బతికున్న పురుగులే వెయ్యాలి. తేలిగ్గా పెరిగేవి కీచురాళ్లు కాబట్టి అవే వేస్తారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. కీచురాయి ఒంట్లో కాల్షియం చాలా తక్కువ, ఫాస్ఫరస్ దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. కప్పకి కావాల్సింది దీనికి తలకిందులు: ఫాస్ఫరస్ కన్నా కాల్షియమే ఎక్కువ ఉండాలి. బయట రకరకాల ఆకులు తిన్న రకరకాల పురుగులు దొరుకుతాయి. పెట్టెలో రోజూ ఒకే డబ్బాలో పెరిగిన ఒకే పురుగు. లోటు పడ్డ కాల్షియాన్ని ఒళ్లు తన ఎముకల్లోంచే లాక్కుంటుంది.

దీనికి రెండు మార్గాలున్నాయి. కప్పకి వేసే ముందు ఒకటి రెండు రోజులు కీచురాళ్లకే ఆకుకూరలు, క్యారెట్, కాల్షియం కలిపిన దాణా పెట్టడం ఒకటి. కాల్షియం, విటమిన్ డీ3 ఉన్న పొడిలో వాటిని దొర్లించి వెయ్యడం ఇంకొకటి, మిర్చికి శనగపిండి పట్టించినట్టు. వెంటనే వెయ్యాలి, లేకపోతే కీచురాయి ఒళ్లు దులుపుకుని పొడి రాల్చేస్తుంది.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది విటమిన్ ఏ సంగతి. అది తక్కువైన కప్ప నాలుకలో జిగురు తయారుచేసే గ్రంథులు పాడవుతాయి. కప్పకి ఆకలుంది, పురుగు ఎదురుగా ఉంది, నాలుక సూటిగా వెళ్లి తగులుతుంది కూడా. కానీ పురుగు అంటుకోదు! చూసేవాళ్లకి గురి తప్పినట్టే ఉంటుంది. సీసాలో పెట్టి నాలుగు చీమలు వేస్తే చాలనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ట్యూబ్‌లైట్ వేసే భోజనం మనం వెయ్యలేం.

ఎక్కువ పెట్టినా గొడవే. ఆస్ట్రేలియాలో ఉండే వైట్స్ ట్రీ ఫ్రాగ్‌ని చాలా దేశాల్లో పెంచుకుంటారు. బద్ధకం దానికి పుట్టుకతో వచ్చింది, ఎంత వేస్తే అంత తింటుంది. కళ్ల పైన కొవ్వు మడతలు వేలాడేదాకా బలుస్తుంది. అందుకే పెద్ద కప్పకి వారానికి రెండు మూడు సార్లే పెట్టమంటారు. కప్పల తక్కెడ అని మనం నవ్వుకుంటాం గానీ, జూలలో నిజంగానే వీటిని తూకం వేస్తారు.

ఇన్ని చెప్పాక ఒక పేచీకోరుని కూడా పరిచయం చెయ్యాలి. బ్రెజిల్ సముద్రతీరంలో జీనోహైలా ట్రంకేటా అనే చెట్టుకప్ప ఉంది. పురుగులతో పాటు అది చిన్న చిన్న పండ్లు కూడా తింటుంది. పండు కదలదు కదా! మింగిన గింజలు దాని మలంలో మళ్లీ బయటపడతాయి. పూలలోకి దూరి తేనె తాగుతుండగా కూడా దాన్ని చూశారు, ఆ సంగతి 2023లో అచ్చయింది. బయటికొచ్చినప్పుడు దాని వీపు మీద పుప్పొడి అంటుకుని ఉంది.