ఒంట్లో లోహం, స్కానులో నీడ



హజ్రత్ అర్ఫజా బిన్ అస్అద్ (రజి) అనే సహాబీకి ఇస్లాంకు పూర్వం జరిగిన కులాబ్ యుద్ధంలో ముక్కు తెగిపోయింది. ఆయన వెండితో ముక్కు చేయించి పెట్టుకున్నారు. కొన్నాళ్లకు అది వాసన రావడం మొదలైంది. అప్పుడు దైవప్రవక్త (స) ఆయనను బంగారు ముక్కు పెట్టించుకోమన్నారని అబూ దావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాల్లో ఉంది. మగవారికి బంగారం నిషిద్ధమే అయినా వైద్య అవసరానికి వాడుకోవచ్చని ధర్మవేత్తలు ఈ ఉదంతాన్ని ఆధారం చేసుకునే చెప్పారు.

ఆనాడు ముక్కు ఒక్కటే. ఈనాడు మన సొసైటీ వైద్య శిబిరానికి వచ్చేవారిలో తొడలో రాడ్డు, వెన్నులో స్క్రూలు, మోకాలికి, తుంటికి కృత్రిమ కీళ్లు, పళ్లలో సిమెంటు, గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు ఎందరో. వాళ్లు సీటీ స్కానుకు వెళ్లినప్పుడు ఏం జరుగుతుందో ఈ పాఠంలో చెప్పాలనుకున్నాను. స్కాను గదిలో చాలా ఏళ్లు పనిచేసిన అనుభవంతో రాస్తున్నాను. డాక్టరు చేసే పని మనం చేసుకోవడానికి కాదు, డాక్టరుకు చెప్పాల్సింది చెప్పడానికి.

ముందు ఒక భయం తీర్చాలి. "బేటా, నా కాలిలో ఇనుము ఉంది, మిషను లాగేస్తుందట కదా" అని అడగని పెద్దావిడ లేదు. లాగేది ఎంఆర్‌ఐ. అందులో బలమైన అయస్కాంతం ఉంటుంది, అందుకే అక్కడ అంత తనిఖీ. సీటీలో అయస్కాంతం లేదు, ఉన్నవి ఎక్స్-రే కిరణాలు. రాడ్డు కదలదు, వేడెక్కదు. సీటీలో లోహం వల్ల మనిషికి హాని లేదు. చెడేది బొమ్మ. బొమ్మ చెడితే లేని జబ్బు ఉన్నట్టు, ఉన్న జబ్బు లేనట్టు కనబడవచ్చు. ఈ దొంగ నీడలనే స్కాను గదిలో మెటల్ ఆర్టిఫ్యాక్ట్ అంటాం.

అవి ఎలా పుడతాయో తెలియాలంటే సీటీ బొమ్మ ఎలా తయారవుతుందో తెలియాలి. మామూలు ఎక్స్-రే ఒకవైపు నుంచి తీసిన నీడ. సీటీలో గొట్టం మనిషి చుట్టూ తిరుగుతూ వందలాది కోణాల నుంచి కిరణాలు పంపుతుంది. అవతలికి ఎంత చేరిందో కొలిచి, లోపల ఎక్కడ ఏముందో కంప్యూటరు లెక్క కడుతుంది. ఇంగ్లండులో ఇ.ఎం.ఐ. సంస్థ ఇంజినీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన ఈ యంత్రంతో మొదటి రోగికి 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో మెదడు స్కాను తీశారు. 1979లో హౌన్స్‌ఫీల్డ్‌కు, ఇదే లెక్కను అంతకు ముందే వేసిన అలన్ కార్మాక్‌కు కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ లెక్కను పిల్లలకు చెప్పినట్టు చెబుతాను, కాగితం, పెన్సిలు తీసుకోండి. నాలుగు గళ్లు గీయండి. పై వరుసలో 1, 2. కింది వరుసలో 3, 4. ఈ అంకెలు ఎవరికీ చూపించకండి, మొత్తాలు మాత్రం చెప్పండి. పై వరుస మొత్తం 3. ఎడమ నిలువు మొత్తం 4. పై కుడి గడి, కింది ఎడమ గడి కలిపి ఏటవాలుగా 5. కుడి నిలువు మొత్తం 6. ఎదుటివాడు ఇలా ఆలోచిస్తాడు: పై వరుస, ఎడమ నిలువు కలిపితే 7. అందులో మూలగడి రెండుసార్లు వచ్చింది. ఏటవాలు మొత్తం 5 తీసేస్తే 2 మిగిలింది, సగం చేస్తే 1. మూలగడి దొరికింది. మిగతావి తేలిక: 2, 3, 4. లోపలికి చూడకుండానే నాలుగూ చెప్పేశాడు. సీటీ చేసేది ఇదే, కాకపోతే నాలుగు గళ్లకు బదులు లక్షల గళ్లు.

ఇప్పుడు ఒక్క మొత్తం తప్పు చెప్పండి. పై వరుస 3కి బదులు 5 అనండి. అదే పద్ధతిలో లెక్క కడితే మూలగడి 2 వస్తుంది, మిగతావి 3, 2, 3. తప్పు ఒక్క వరుసలోనే చెప్పారు, గళ్లు మాత్రం నాలుగూ తప్పాయి. లోహం చేసేది అచ్చంగా ఇదే. తుంటిలో ఉన్న కీలు తన చోట తాను తెల్లగా కనబడి ఊరుకోదు. తన గుండా పోయిన ప్రతి కిరణం కొలతనూ చెడగొడుతుంది. ఆ కిరణాల దారి పొడవునా తెల్ల చారలు, నల్ల చారలు సూర్యుడి కిరణాల్లా బొమ్మంతా పరుచుకుంటాయి.

కొలత ఎందుకు చెడుతుంది? ఒక కారణం, లోహంలో ఎక్స్-రే కిరణాలు చాలావరకు ఆగిపోతాయి. అవతలికి చేరేవి అతి కొన్ని. పది మందిని అడిగి ఊరంతటి అభిప్రాయం చెప్పమన్నట్టు ఉంటుంది ఆ లెక్క. రెండో కారణం కొంచెం సూక్ష్మమైనది. గొట్టం నుంచి వచ్చే కిరణాలన్నీ ఒకే బలంవి కావు. లోహం జల్లెడలా బలహీనమైనవాటిని ఆపి బలమైనవాటిని వదులుతుంది. బలమైనవి ముందుకు సులువుగా దూసుకుపోతాయి కాబట్టి, ఆ దారిలో ఉన్న కండ అసలుకంటే పలుచగా ఉందని కంప్యూటరు పొరబడుతుంది. అక్కడ నల్ల పట్టీ పడుతుంది. రెండు తుంట్లకూ కృత్రిమ కీళ్లు ఉన్నవారిలో ఈ నల్ల పట్టీ ఒక కీలు నుంచి ఇంకో కీలుకు వంతెనలా సాగుతుంది. ఆ వంతెన కింద ఉండేవి మూత్రాశయం, మగవారిలో ప్రోస్టేటు, ఆడవారిలో గర్భాశయం.

సీటీ కొలమానంలో నీటికి 0, గాలికి మైనస్ 1000. గట్టి ఎముక 1000 దాటవచ్చు. మామూలు స్కేలు 3071 దగ్గర ఆగిపోతుంది, లోహం దాన్నీ దాటిపోతుంది. అన్ని లోహాలూ ఒకేలా అల్లరి చేయవు. టైటానియం పరమాణు సంఖ్య 22, ఇనుము 26, కోబాల్టు 27. టైటానియం తేలిక కూడా, అందుకే దాని చారలు తక్కువ. స్టీలువి, కోబాల్టు-క్రోమియం కీళ్లవి ఎక్కువ. పళ్లలో నింపే వెండి సిమెంటులో పాదరసం ఉంటుంది, దాని సంఖ్య 80. బంగారానిది 79. పంటిలో శనగగింజంత ఉన్నా చాలు, నాలుక, దవడ చారల్లో మునిగిపోతాయి. వెయ్యేళ్ల కిందట కార్డోబాలో మన జహ్రావీ వదులైన పళ్లను బంగారు తీగతో కట్టే పద్ధతి రాశాడు. ఆ రోగులెవరికీ సీటీ తీయాల్సిన అవసరం రాలేదు కాబట్టి సరిపోయింది!

ఇంకో ఊరట మాట. చారలు లోహం ఉన్న పొరల్లోనే ఉంటాయి. మోకాలిలో కీలు ఉంటే ఛాతీ స్కాను చెడదు. కాబట్టి "నాకు ఇనుము ఉంది, నాకు స్కాను పనికిరాదు" అని ఇంటికి తిరిగి వెళ్లనక్కర్లేదు.

ఇక తీసేయగల లోహం సంగతి. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఖాలాకు తల స్కాను తీశాను. ఆమె హిజాబు విప్పడానికి ఇబ్బంది పడింది, నేనూ అడగడానికి మొహమాటపడ్డాను. గడ్డం కింద, చెవి వెనక పిన్నులు ఉన్నాయని నాకు తట్టలేదు. చిన్న మెదడు మీదుగా చారలు పడ్డాయి. ఆమెను పిలిచిందే కళ్లు తిరుగుతున్నాయని, అంటే చూడాల్సింది సరిగ్గా ఆ చోటే. మళ్లీ తీయాల్సి వచ్చింది. ఒకసారికి సరిపోయేదానికి ఆమె ఒంట్లోకి రెండుసార్లు రేడియేషను పోయింది. పిన్ను ఖరీదు రూపాయి కూడా ఉండదు.

అందువల్ల మా అక్కచెల్లెళ్లకు మనవి. పిన్నులు, జరీ ఉన్న దుపట్టా, తలలోని క్లిప్పులు, చెవి కమ్మలు, ముక్కుపుడక ఇంట్లోనే తీసి పెట్టి రండి. పిన్ను లేని మెత్తటి నూలు బట్టను తలకు చుట్టుకుంటే స్కానుకు అడ్డం లేదు. మహిళా టెక్నీషియను కావాలని, బట్టలు మార్చుకోవడానికి చాటు కావాలని ముందే అడగండి. అది అడగదగిన విషయమే. తావీజు విషయంలో ఉలమాల అభిప్రాయాలు వేరువేరుగా ఉన్నాయి, నేను అందులో తలదూర్చను. రేకు డబ్బీలో ఉన్న తావీజు మాత్రం మెడ స్కానులో మెడ మధ్య పిడుగులా పడుతుంది.

తీయలేని లోహానికి టెక్నీషియను చేతిలో కొన్ని ఉపాయాలు ఉంటాయి. మణికట్టు తీయాలంటే చేతిని తల పైకి చాచి పడుకోబెడతాం, ఒంటి మందం అడ్డు రాకుండా. పళ్ల సిమెంటు ఉన్నవారికి యంత్రాన్ని వాల్చి గానీ, నోరు తెరిపించి గానీ మళ్లీ ఒక చిన్న భాగం తీస్తే నాలుక చారల నుంచి తప్పుకుంటుంది. కిరణాల బలాన్ని 140 కిలోవోల్టుల దాకా పెంచవచ్చు. అయితే బలం పెంచినకొద్దీ రేడియేషనూ పెరిగే అవకాశం ఉంది కాబట్టి అవసరం చూసి చేస్తాం. ఇవన్నీ చేయాలంటే లోహం ఎక్కడుందో ముందే తెలియాలి. స్కాను అయిపోయాక చెబితే సగం దారులు మూసుకుపోతాయి.

మిగిలింది కంప్యూటరు మరమ్మతు. 1987లో జర్మనీకి చెందిన విల్లీ కలెండర్ బృందం ఒక దారి చూపింది. లోహం గుండా పోయిన కొలతలను నమ్మకుండా పక్కన పెట్టి, అటూ ఇటూ ఉన్న మంచి కొలతలను బట్టి ఆ ఖాళీని పూరించాలి. చిరిగిన దస్తావేజులో పోయిన మాటలను ముందు వెనక మాటలను బట్టి ఊహించినట్టు. 2010లో ఆ పూరణను మెరుగుపరిచే ఇంకో పద్ధతి వచ్చింది. నేడు పెద్ద కంపెనీలన్నీ తమ యంత్రాల్లో ఇలాంటి సాఫ్ట్‌వేరు ఇస్తున్నాయి: ఫిలిప్స్‌ది ఓ-మార్, సీమెన్స్‌ది ఐ-మార్, జీఈది స్మార్ట్ మార్, క్యానన్‌ది సెమార్. రెండు రకాల బలాల కిరణాలతో తీసే డ్యూయల్ ఎనర్జీ సీటీలో, అధిక శక్తి ఉన్న ఒకే రకం కిరణంతో తీసినట్టుండే బొమ్మను లెక్కకట్టి తయారుచేయవచ్చు. టైటానియం స్క్రూల చుట్టూ అది బాగా పనిచేస్తుంది, కోబాల్టు కీళ్ల దగ్గర, పళ్ల సిమెంటు దగ్గర అంతగా కాదు.

ఇక్కడే జాగ్రత్త పడాలి. పూరించింది ఊహే, చూసింది కాదు. చారలు తీసేసిన బొమ్మ శుభ్రంగా, నమ్మబుద్ధి అయ్యేలా ఉంటుంది. కానీ ఆ మరమ్మతులోనే లోహం అంచు కరిగిపోయినట్టు, కీలు పక్కన ఎముకలో ఖాళీ ఏర్పడినట్టు కొత్త నీడ పుట్టవచ్చు. ఆ ఖాళీని నిజమనుకుంటే "కీలు వదులైంది" అంటారు, మళ్లీ ఆపరేషను మాట వస్తుంది. బస్రాలో పుట్టి కైరోలో పనిచేసిన ఇబ్నుల్ హైసమ్ తన కితాబుల్ మనాజిర్‌లో మూడో భాగమంతా చూపు చేసే పొరబాట్లకే కేటాయించాడు. రేడియాలజిస్టు కూడా అందుకే మరమ్మతు చేసిన బొమ్మను, చేయని బొమ్మను రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. రెంటిలోనూ కనబడేదానికి బలం ఎక్కువ. మామూలు ఎక్స్-రేలో కీలు కుదురుగా ఉందా అన్నదీ చూడాలి.

క్యాన్సరు రోగులకు ఈ సంగతి ఇంకా ముఖ్యం. పెట్-సీటీలో సీటీ కొలతలను బట్టే పెట్ బొమ్మను సవరిస్తారు. లోహం పక్కన సీటీ కొలత హెచ్చితే పెట్ బొమ్మలో అక్కడ లేని మెరుపు వస్తుంది, క్యాన్సరు మిగిలి ఉందనిపిస్తుంది. సవరణ చేయని పెట్ బొమ్మ కూడా చూస్తే తేడా తెలుస్తుంది. రేడియేషను చికిత్సకు ముందు తీసే సీటీలో కూడా చారలు పడిన చోట కొలతలు తప్పితే మోతాదు లెక్క తప్పుతుంది, అందుకని ఆ భాగాలకు సరైన విలువలను విడిగా ఇస్తారు.

కొన్నేళ్ల కిందట ఒక చాచా మా శిబిరానికి సీటీ రిపోర్టు పట్టుకుని వచ్చారు. రెండు తుంట్లకూ కీళ్లు మార్పించుకున్న మనిషి, మూత్రంలో రక్తం పడుతోంది. రిపోర్టులో కిడ్నీలు బాగున్నాయని, లోహపు చారల వల్ల మూత్రాశయం అంచనా వేయడం కుదరలేదని రాసి ఉంది. కొడుకు మొదటి మాట చదివి "అల్‌హమ్దులిల్లాహ్, ఏమీ లేదు" అనుకున్నాడు. రెండో మాటకు అర్థం "ఏమీ లేదు" అని కాదు, "అక్కడ చూడలేదు" అని. శిబిరంలోని డాక్టరు గారు ఆయనను మూత్రనాళం గుండా సన్నటి కెమెరా పంపి చూసే సిస్టోస్కోపీకి పంపారు. మూత్రాశయం గోడకు చిన్న గడ్డ ఉంది. ఆ కెమెరా దారిలోనే తీసేశారు. చాచా ఇప్పటికీ రమజానులో ఖర్జూరాలు పంపుతుంటారు.

రిపోర్టులో "అంచనా వేయలేకపోయాం" అనే మాట ఏ అవయవం పక్కన ఉందో చూసి, "దీన్ని వేరే ఎలా చూడాలి?" అని డాక్టరును అడగండి. అల్ట్రాసౌండు, ఎంఆర్‌ఐ, కెమెరా పరీక్ష, వీటిలో ఏది తగినదో ఆయన చెబుతారు. ఎంఆర్‌ఐ అన్నప్పుడు లోహం సంగతి మళ్లీ మొదటి నుంచీ చెప్పాలి, అక్కడి లెక్క వేరు.

ఆపరేషను తర్వాత ఆసుపత్రివాళ్లు ఇచ్చే డిశ్చార్జి కాగితంలో, ఇంప్లాంటు స్టిక్కరులో లోహం పేరు, కంపెనీ, మోడలు ఉంటాయి. ఆ కాగితాన్ని రేషను కార్డుతో పాటు భద్రం చేసి, ఫోనులో ఫోటో తీసి ఉంచండి. మన శిబిరంలో రోగుల పేర్లు రాసుకునే యువకులకు కూడా ఒక మనవి: వయసు, బీపీ, షుగరు రాసే చోటే ఇంకో గీత గీసి, "ఒంట్లో లోహం ఉందా, ఎక్కడ, ఏ సంవత్సరం పెట్టారు" అని రాయండి. స్కాను చీటీ మీద కూడా అదే మాట ఎర్ర సిరాతో ఎక్కించి పంపండి.