పశువు పండ్లు కొరుకుతుందా? నొప్పి ఉన్నట్టే!

"రాత్రంతా బర్రె పండ్లు కొరుకుతున్నది, నిద్ర పట్టలేదు" అని ఇంట్లో ఆడవాళ్లు చెబితే మనలో చాలామంది పట్టించుకోరు. నెమరు వేస్తుందిలే అని కొందరు, దిష్టి తగిలిందని కొందరు సరిపెట్టుకుంటారు. నోరు లేని జీవం తన బాధను చెప్పుకునే పద్ధతుల్లో పండ్లు కొరకడం ఒకటి. అది జబ్బు కాదు, జబ్బుకు గుర్తు. గుర్తును మొదట్లోనే పట్టుకుంటే పశువు దక్కుతుంది.

మా ఇంట్లో జరిగిన సంగతే చెబుతాను. ఎనిమిది నెలల సూడి బర్రె ఒకరోజు కుడితి ముట్టలేదు. చెవి పెట్టి వింటే కరకర చప్పుడు. అజీర్తి అనుకుని అల్లం, వెల్లుల్లి, వాము నూరి వెదురు గొట్టంతో పోశాం. ఒక పూట మేసింది, మళ్లీ మానింది. అట్లా ఇరవై రోజులు గడిచినై. చివరికి గంగడోలు కింద నీరు దిగి చనిపోయింది. కోసి చూస్తే బెత్తెడు ఇనుప తీగ గుండె దగ్గర దొరికింది. ఇల్లు కట్టినప్పుడు స్లాబుకు కట్టిన తీగ ముక్క అది. ఒక బర్రె, కడుపులో దూడ, ఇంటికి రెండు పూటలా పాలు, అన్నీ పోయినై. నెల్లికుదురు మండలంలో ఒకటి రెండు పశువులే ఆధారమైన కుటుంబాలకు ఇట్లాంటి నష్టం ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు.

నెమరుకూ, కొరుకుడుకూ తేడా

ఆవుకూ, బర్రెకూ పై దవడలో ముందు పండ్లు ఉండవు. చప్పుడు వచ్చేది వెనుక దవడ పండ్ల నుంచి. నెమరు వేసేటప్పుడు మేత ముద్ద మెడ వెంట పైకి రావడం కంటికి కనిపిస్తుంది. ఒక్కో ముద్దను సుమారు యాభైసార్లు నములుతుంది. మింగి, కాసేపు ఆగి, మరో ముద్ద తెచ్చుకుంటుంది. కండ్లు సగం మూసి హాయిగా ఉంటుంది.

నొప్పితో కొరికేటప్పుడు ముద్ద పైకి రాదు. నోరు ఖాళీగా ఉంటుంది. మెడ చాచి, కండ్లు లోపలికి పోయి, మేత దగ్గర నిలబడి కూడా మేయదు. ఈ తేడా ఇంట్లో పిల్లలకు కూడా చూపించి ఉంచండి.

కడుపులో తీగ, మేకు

పశువు మేతను ఏరుకుని తినదు. తీగ, మేకు, సూది ఏది ఉన్నా మేతతో పాటే మింగుతుంది. అవి బరువుకు తేనెపట్టు లాంటి రెండో పొట్టలో పడతాయి. ఆ పొట్ట ముడుచుకున్నప్పుడల్లా మొన గోడలోకి దిగుతుంది. దాని ముందే పొర, ఆ పొర అవతల గుండె. సూడి పెరిగిన పశువులో లోపలి ఒత్తిడి ఎక్కువ కాబట్టి ఈనే ముందు, ఈనగానే ఈ బాధ తరచుగా బయట పడుతుంది.

గుర్తులు ఇవి: ఉన్నట్టుండి మేత మానడం, పాలు పడిపోవడం, వీపు విల్లులా వంచడం, ముందుకాళ్లు ఎడంగా పెట్టడం, పల్లం దిగడానికి జంకడం, లేచేటప్పుడు మూలగడం. మెడ చివర వీపు మొదలయ్యే చోట చేతితో గట్టిగా పట్టి నొక్కితే మంచి పశువు వీపు కిందికి దించుతుంది. తీగ ఉన్నది దించదు, మూలుగుతుంది.

అప్పుడు దాన్ని నడిపించవద్దు. ముందుకాళ్ల కింద మట్టి పోసి జానెడు ఎత్తున నిలబెట్టండి. డాక్టరు మందులు, అవసరమైతే కడుపులోకి అయస్కాంతం వేస్తారు. ఆపరేషను కావాలంటే జిల్లా పశువైద్యశాలకో, వరంగల్ దగ్గర మామునూరు పశువైద్య కళాశాలకో పంపుతారు. గంగడోలు కింద నీరు దిగిన తర్వాత చేసేది చాలా తక్కువ.

వడ్లు, మక్కలు మేసినప్పుడు

కల్లంలో కట్టు తెంపుకున్న పశువు వడ్లో, మక్కలో మెక్కినా, పెండ్లి ఇంట మిగిలిన అన్నం గంపెడు పెట్టినా కడుపులో పులుపు పుడుతుంది. ఒకటి రెండు రోజుల్లో పండ్లు కొరకడం, నెమరు ఆగడం, పుల్లటి వాసనతో పలుచగా పారడం, తూలడం కనిపిస్తాయి. ఇది గంటల్లో ముదిరే జబ్బు. మేసిందని తెలిసిన వెంటనే, గుర్తులు రాకముందే డాక్టరుకు చెప్పండి. ఎంత తిన్నదో అంచనాగా చెబితే వైద్యం తేలిక.

దవడ బిగుసుకుంటే ధనుర్వాతం

పండ్లు కొరకడం ఒకటి, దవడ తెరుచుకోకపోవడం మరొకటి. గొర్రె, మేక, దూడ, ఎద్దు నోరు బిగపట్టి, చెవులు నిక్కించి, తోక ఎత్తి, కాళ్లు కొయ్యల్లా పెట్టి నిలబడితే ధనుర్వాతమని అనుమానించాలి. చిన్న చప్పుడుకు కూడా ఉలికిపడుతుంది. కంటి మూలలోని తెల్ల పొర బయటికి వస్తుంది. దీని క్రిమి మట్టిలో, పేడలో ఉంటుంది. వట్టలు నొక్కిన చోట, రబ్బరు రింగు వేసిన చోట, చెవి పోగు గాయం, బొడ్డు, మేకు దిగిన గిట్ట ద్వారా లోపలికి పోతుంది. గాయమైన ఒకటి నుంచి మూడు వారాల్లో ఎక్కువగా కనిపిస్తుంది.

పశువును చీకటిగా, సందడి లేని చోట మెత్తటి గడ్డిపై ఉంచండి. గొట్టంతో మందు, గంజి పోయొద్దు. మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతుంది. డాక్టరు గాయం కడిగి, విషానికి విరుగుడు సూది ఇస్తారు. ముదిరితే బతకడం కష్టం. అందుకే వట్టలు తీసేటప్పుడే ధనుర్వాతం సూది అడగండి. పుట్టిన దూడ బొడ్డుకు అయోడిన్ రాయండి.

దవడ జారితే చెయ్యి పెట్టొద్దు

దవడ వేలాడి, చొంగ కారుతూ, మింగలేక, గొంతు మారి అరుస్తుంటే గొంతులో ఎముక ఇరికిందని నోట్లో చెయ్యి పెట్టకండి. పిచ్చికుక్క కరిచిన పశువు ఇట్లాగే ఉంటుంది. కుక్క కరిచిన సంగతి మీకు తెలియకపోవచ్చు. చొంగ చేతికి తగిలితే సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోయి టీకా వేయించుకోండి. ఆ పశువు పాలు తాగొద్దు. ఇక్కడ పోయేది పశువు ఒక్కటే కాదు, మనిషి ప్రాణం కూడా.

పత్తి, మిర్చికి మందు కొట్టిన గట్టు గడ్డి మేసిన పశువు చొంగ, కన్నీరు కారుస్తూ, కండరాలు అదురుతూ పారుకుంటే మందు డబ్బా వెంట పట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. డబ్బా మీది పేరును బట్టే విరుగుడు.

మీ సంగతి కూడా చూసుకోండి

కొట్టంలో మేకు దిగినా, పార తగిలినా పసుపు అద్ది ఊరుకోవద్దు. పశువుకు వచ్చే ధనుర్వాతమే మనకూ వస్తుంది. మనం టీటీ అని పిలిచే సూది బదులు ఇప్పుడు టీడీ ఇస్తున్నారు. ఆరోగ్య కేంద్రంలో అడిగి వేయించుకోండి.

ఈ వారం చేయవలసిన పని

పాత స్పీకరులోని అయస్కాంతాన్ని కర్రకు కట్టి గడ్డివాము చుట్టూ, కొట్టంలో, కుడితి తొట్టి దగ్గర తిప్పండి. ఇల్లు కట్టిన చోట తీగ ముక్కలు ఏరండి. టైర్లు కాల్చిన చోట పశువును కట్టొద్దు, అందులో తీగ ఉంటుంది. పశువు ఒక్క పూట మేత మానినా, పండ్లు కొరికినా పసరు మందుతో వారం గడపకండి. మండల పశువైద్యశాలకు చెప్పండి. 2017లో రాష్ట్రంలో మొదలైన సంచార పశువైద్య వాహనానికి 1962 నెంబరు ఉంది. ఫోనులో చెప్పేటప్పుడు ఎప్పుడు మేత మానింది, పేడ ఎట్లా ఉంది, సూడి ఎన్ని నెలలు అనే మూడు సంగతులు తప్పక చెప్పండి.

పశువు చెప్పేది ఆ చప్పుడుతోనే. వినడం మన పని.