చిన్న కొలతలను గుంటలలోనికి మార్చు విధము

రైతు తన మడిని అడుగులతోడను గజములతోడను కొలుచును. పట్టాలో మాత్రము విస్తీర్ణము ఎకరములు, గుంటలుగా వ్రాయబడియుండును. ఈ రెండింటికిని గల సంబంధము తెలియనియెడల నారు చాలక నాట్లు నిలిచిపోవుటయు, ఎరువు హెచ్చుతగ్గులగుటయు, క్రయవిక్రయములలో నష్టము వాటిల్లుటయు సంభవించును. గుణకారము, భాగహారము తెలిసిన ప్రతివారును ఈ లెక్కను ఒకరి నడుగకయే చేసికొనవచ్చును.

1. మూల కొలతలు

నిడివి 33 అడుగులు, వెడల్పు 33 అడుగులు గల చదరపు నేల ఒక గుంట. 33 అడుగులనగా 11 గజములు గనుక గుంటకు 121 చదరపు గజములు, లేక 1089 చదరపు అడుగులు. ఇట్టి గుంటలు 40 కూడిన ఒక ఎకరము. అది 4840 చదరపు గజములు. గుంటలో 16వ వంతును అణా యందురు. అణాకు ఏడున్నర చదరపు గజములకంటె కొంచెము ఎక్కువ వచ్చును. మీటర్ల లెక్కలో గుంట సుమారు 101 చదరపు మీటర్లు.

తెలంగాణములో గుంటల వాడుక గలదు. కోస్తా జిల్లాలలోను రాయలసీమలోను సెంట్ల వాడుక గలదు. సెంటనగా ఎకరములో నూరవ వంతు, 48.4 చదరపు గజములు. కావున రెండున్నర సెంట్లు ఒక గుంటకు సమానము.

2. మార్చు విధము

నిడివిని వెడల్పుచే గుణింపవలెను. గజములతో కొలిచినచో వచ్చిన మొత్తమును 121చేతను, అడుగులతో కొలిచినచో 1089చేతను భాగింపవలెను. వచ్చిన ఫలము గుంటలు. శేషమును 16చే గుణించి మరల అదే సంఖ్యచే భాగించిన అణాలు వచ్చును.

మొదటి ఉదాహరణము: నారుమడి నిడివి 22 గజములు, వెడల్పు 11 గజములు. గుణింపగా 242. దీనిని 121చే భాగింపగా 2 గుంటలు, అనగా 5 సెంట్లు. ఎకరము వరిపొలము నాటుటకు సాధారణముగా ఇంత నారుమడి కావలయును.

రెండవ ఉదాహరణము: కూరగాయల మడి నిడివి 50 అడుగులు, వెడల్పు 40 అడుగులు. గుణింపగా 2000. దీనిని 1089చే భాగింపగా ఫలము 1, శేషము 911. ఈ శేషమును 16చే గుణించి 1089చే భాగింపగా 13కు పైగా వచ్చును. కావున మడి 1 గుంట 13 అణాలకు పైచిలుకు.

3. మూలలు మట్టముగా లేని మడి

ఎదురెదురు ప్రక్కల సగటులను గుణించు అలవాటు కొన్నియెడల గలదు. మూలలు మట్టముగా నున్నప్పుడే అది సరిపోవును. లేనిచో విస్తీర్ణము ఉన్నదానికంటె ఎక్కువగా తేలును. నాలుగు ప్రక్కలును 11 గజములే యైనను, మడి ఒరిగియుండి ఎదురుప్రక్కల నడుమ తిన్నని వెడల్పు 8 గజములే యున్నచో నేల 88 చదరపు గజములు మాత్రమే. అది గుంట కానేరదు. కొనువాడు గుంటకు వెలనిచ్చి 33 చదరపు గజములు కోల్పోవును.

ఇట్టిచోట ఒక మూలనుండి ఎదుటి మూలకు తాడు పట్టవలెను. మిగిలిన రెండు మూలలనుండి ఆ తాటికి తిన్నగా దూరములు కొలిచి, ఆ రెండును కూడి, తాటి నిడివిచే గుణించి, సగము చేయవలెను. తాడు 66 గజములు, దూరములు 22, 11 గజములు అనుకొనుడు. కూడిన 33, గుణింపగా 2178, సగము 1089. దీనిని 121చే భాగింపగా 9 గుంటలు.

4. చుక్కను గూర్చిన హెచ్చరిక

2.20 అని వ్రాసియున్నప్పుడు గుంటల లెక్కలో అది 2 ఎకరముల 20 గుంటలు, అనగా రెండున్నర ఎకరములు. సెంట్ల లెక్కలో అదియే 2 ఎకరముల 20 సెంట్లు, అనగా 2 ఎకరముల 8 గుంటలు మాత్రమే. రెండింటికి భేదము 12 గుంటలు, 1452 చదరపు గజములు! ఒక ప్రాంతమువారు మరియొక ప్రాంతమున భూమి కొనునప్పుడు ఈ సంగతి ముందుగా విచారింపవలెను.

గుంటలను కూడునప్పుడు 40 కాగానే ఎకరమును చేర్చవలెను. 1.25 మరియు 1.25 కూడిన 2.50 కాదు; 3.10 అగును. చుక్క తరువాత గుంటల స్థానమున 40గాని అంతకు మించిన సంఖ్యగాని ఉండరాదు.

5. ఎరువుల లెక్క

ఎకరమునకు చెప్పిన కిలోలను 40చే భాగించిన గుంటకు వలసినది వచ్చును. 100చే భాగించిన సెంటుకు వచ్చును. ఎకరమునకు 50 కిలోలైనచో గుంటకు కిలోంబావు. 9 గుంటల మడికి 11 కిలోల పావు. చిన్న మడికి చేతివాటముగా చల్లక తూచి చల్లుట మేలు.

6. ముఖ్య సూచనలు

తాడు సాగును, తడిసిన కుదించుకొనును. కావున టేపుతో కొలుచుట మంచిది. అంకణము, కుంచము మొదలగు కొలతలు ఊరూరికి భేదించును గనుక వానిని చదరపు గజములలో ఎంతయో అడిగి తెలిసికొనవలెను. క్రయపత్రమున ఎకరములు, గుంటలు అని మాటలలో వ్రాయించి, ప్రక్కన చదరపు గజములను గూడ చేర్పించుడు. హద్దులపై తగవున్నయెడల స్వంత కొలత చాలదు, సర్వేయరుచే కొలిపింపవలెను.