పనికిరానిదని పారవేయకుము

పఠనము: 2 రాజులు 22:1–13, యోహాను 6:1–13

ఢిల్లీ చెంతనున్న ఇందిరాపురమువంటి చోట్ల, అంతస్తుల భవనములలో కాపురముండు తెలుగు కుటుంబములకు ఇల్లు మారునపుడెల్ల ఒక ప్రశ్న ఎదురగును: ఏది ఉంచవలెను, ఏది తీసివేయవలెను? తాతగారు స్వహస్తముతో వ్రాసికొనిన కీర్తనల పుస్తకము, అమ్మమ్మ రంగుదారములతో కుట్టిన వాక్యపటము పాత కాగితములతోపాటు కబాడీవాని తక్కెడ నెక్కును. పిల్లలకు తెలుగు చదువరాదు. కావున అవి వ్యర్థములని తోచును.

తెలుగు సాహిత్యమునకును ఒకప్పుడిట్టి దశయే పట్టినది. తాటియాకు గ్రంథములకు పురుగు పట్టును, చెమ్మ తగులును. తిరుగ వ్రాయువారు లేనియెడల అవి నశించును. కలకత్తాలో దైవసేవ చేసిన డేవిడ్ బ్రౌను పాదిరిగారి కుమారుడగు చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1820లో ఉద్యోగియై కడపకు వచ్చెను. వేమన పద్యములు సామాన్యుల నోట నిలిచియున్నను పండితులు వాటిని గొప్ప కవిత్వముగా ఎంచలేదు. బ్రౌను పలు ప్రతులను తెప్పించి, పోల్చి చూచి, 1829లో 693 పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చువేయించెను. తరువాత కడపలోని తన బంగళాలో పండితులను, లేఖకులను సొంత వ్యయముతో పోషించి, మరెన్నో గ్రంథములకు శుద్ధప్రతులు సిద్ధపరచెను.

గంటముతో గీసిన తాటియాకు మీద మొదట అక్షరములు సరిగా కానరావు. మసి పూసి తుడిచినప్పుడే అవి నల్లగా తేలును. వ్రాత ముందే యున్నది. లేనిది చూచువాని శ్రద్ధ మాత్రమే.

యోషీయా దినములలో ధర్మశాస్త్రగ్రంథము దొరికినది పరదేశములో కాదు, దేవుని మందిరములోనే. అది అక్కడనే యుండియు మరువబడెను. షాఫాను దానిని చదివి వినిపించినప్పుడు రాజు తన బట్టలు చింపుకొనెను. దొరికిన గ్రంథము బీరువాలో దాచబడలేదు. అది చదువబడెను, దానికి లోబడిరి.

అయితే పాతదంతయు పవిత్రము కాదు. మోషే చేసిన ఇత్తడి సర్పమునకు జనులు ధూపము వేయుచుండగా హిజ్కియా దానిని పగులగొట్టెను (2 రాజులు 18:4). వస్తువును పూజించుట వేరు, దాని సాక్ష్యమును ఆలకించుట వేరు.

ఐదు రొట్టెలతో ఐదువేలమంది పురుషులను తృప్తిపరచిన ప్రభువునకు మిగిలిన ముక్కలతో అక్కర యేమి? అయినను వాటిని సమకూర్చుమని ఆయన ఆజ్ఞాపించెను; పన్నెండు గంపలు నిండెను. కొరతవలన కాదు, తానిచ్చినది తృణీకరింపబడకూడదని ఆయన అట్లు చేయించెను.

పురుషోత్తమ చౌదరిగారి (1803–1890) కీర్తనలు నేటికిని తెలుగు సంఘములలో పాడబడుచున్నవి. కీర్తన నిలుచుటకు రచయిత యొక్కడే చాలడు. వ్రాసి యుంచినవారును, పాడి నేర్పినవారును వలయును. వారిలో అనేకుల పేర్లు దేవునికే తెలియును.

కావున ఆ పుస్తకము తక్కెడ నెక్కకముందు ఒక సాయంకాలము కుటుంబమంతయు కూర్చుండవలెను. పెద్దవారు బ్రదికియుండగానే ఒక్కొక్క పాట పాడించుకొని, రాగము నేర్చి, అది ఏ దుఃఖమందు లేక ఏ ఆనందమందు పాడబడెనో అడిగి వ్రాసికొనవలెను. పుస్తకమును తరువాత కొనుక్కొనవచ్చును. ఆ స్వరము పోయినయెడల తిరిగి రాదు.

ధ్యానించుటకు:
1. మీ యింట చదువబడక పడియున్న వ్రాత యేది?
2. దానిని చదువగలవారు ఇంకను ఎవరున్నారు?

ప్రార్థన: ప్రభువా, మేము త్రోసివేసినవాటిలో నీవు దాచిన మేలును చూచు కన్నులను మాకు దయచేయుము. ఆమేన్.